పత్తి రేటు

పొద్దుగాల పేపర్ రాంగనే
నేను మొదలు చదివేది మార్కెట్ కాలమ్.
ఎనుమాముల యార్డుల జెండా పాట ఎంత,
తేమ పేరు మీద ఎంత కోసిండ్రు.
నాకు గుంటెడు చెలక లేదు.
హన్మకొండల కిరాయి ఇల్లు,
కుండీల ఒక్క కరివేపాకు చెట్టు.

ములుగు దాటి, తాడ్వాయి దాటి,
బస్సు దిగినంక అడవిల ఇంకో నాలుగు మైళ్లు.
అది వజ్రక్క ఊరు.
అక్కడ సిగ్నల్ ఒక్క జాగల్నే దొరుకుతది,
నీళ్ల ట్యాంకు కాడ.
ఊకె నిలబడితే ఊరంత చూస్తది గనుక
నల్లా కింద బిందె పెట్టి మాట్లాడుతది.
నిండేదాక.
మా కౌన్సిలింగ్ ఒక బిందెడు.
ఎండకాలం ధార సన్నగ వస్తది,
అప్పుడు జర ఎక్కువ మాట్లాడుకుంటం.

మొదటిసారి పిల్లగానికి సూది ఇప్పిస్తనని చెప్పి
దవాఖాన వెనక మా గదికి వచ్చింది.
నలభై నిమిషాలు కూసున్నది.
లేచేటప్పుడు ఒక్కటే మాట:
"ఫ్యాన్ కిర్రుమంటున్నది మేడం, నూనె పోయరాదు."
మల్ల బుధవారం వచ్చి ముందుగాల పైకి చూసింది.
చప్పుడు లేదు.
అప్పుడు కొంగు జరిపి మెడ చూపెట్టింది.

ఒకనాడు నేనే ఆగలేక ఫోన్ చేసిన.
ఆయన ఎత్తిండు.
"ఎనుమాములకెల్లి, పత్తి రేటు చెప్పనీకి" అన్న.
"ఎంతున్నది?"
నాకు తెల్వదు. నోటికొచ్చిన అంకె చెప్పిన.
అంకె తప్పని ఆయనకు ఎరుకైన రాత్రి
ఏమేం జరిగిందో
రిజిస్టర్ల తారీఖు ఏసి రాసిన.
రాసిన చెయ్యి నాదే.

అప్పటిసంది రేటు తప్పు చెప్పలే.
ఎవరన్న దగ్గరికొస్తే వజ్రక్క మాట మారుస్తది:
"పత్తి రేటెంతున్నది మేడం?"
నేను చెప్తనే ఉంట, వాళ్లు పొయ్యేదాక.
మొన్న మాఘమాసంల ఆయన
నా లెక్క విని మంచి రేటుకు అమ్మిండట.
"గా మేడం మంచిది" అన్నడట.
వజ్రక్క నవ్వుకుంట చెప్పింది.
నాకు నవ్వు రాలే.

మిరుగం జొచ్చి మూడొద్దులు.
విత్తనం ఇంక సంచిల్నే ఉన్నది.
రాత్రి ఎనిమిదింటికి ఫోన్:
"పత్తి రేటెంత మేడం,
పత్తి రేటెంత."
భూమిల పడని పత్తికి.

వాగు పొంగి పోలీసుల బండి ఈ ఒడ్డుకే ఆగిపోయింది.
ఆ ఊరి ఆశా కార్యకర్త సుగుణ
బీపీ మిషిన్ సంకల పెట్టుకొని తలుపు కొట్టింది.
"ముసలమ్మకు చూడాలె, పైకెల్లి ఆర్డర్" అన్నది.
ఏ పైకెల్లో ఆమెకే ఎరుక.
తెల్లారేదాక కదలలే.
పదకొండుసార్లు చూసింది.
పదోసారికి ముసలామె అన్నదట:
"నాది మంచిగనే ఉన్నది బిడ్డా,
నా కోడలుది చూడు."

మీటింగులల్ల అడుగుతరు:
ఇడిసిపెట్టిందా? ఆయన మారిండా?
రెండు గళ్లే ఉంటయి కాయితం మీద.
వజ్రక్క ఇడిసిపెట్టలే, ఆయన మారలే.
వెనక అర్రకు లోపలి దిక్కు గొళ్లెం పెట్టించుకున్నది.
గొళ్లానికి పైసలు
ముసలామె పింఛన్లకెల్లి ఇచ్చింది.
ఇది గెలుపని నేనైతే అనను.
ఆ గొళ్లెం ఏసుకొని
మొదటిరాత్రి నిద్రపోయిన అన్నది, గంతే.

నిన్న మాపటికి ఫోన్.
పేపర్ గుంజుకున్న, కండ్లద్దాలు దొరకలే.
"రేటు వద్దు మేడం."
"మరేందక్కా?"
"ఏం లేదు. ఊకెనే చేసిన."
కోడి పదమూడు గుడ్లు పొదిగిన సంగతి,
రెండు మురిగినయని,
పిల్లగానికి పన్ను ఊడిందని,
వాడు దాన్ని ఇంటి మీదికి ఇసిరితే
పక్కింటి మీద పడ్డదని.

అటుదిక్కు బిందె నిండి పొర్లుతున్నది,
నాకు వినొస్తనే ఉన్నది.
ఆమె నల్లా కట్టెయ్యలే.